పండక్కి క్విజ్ పెట్టాలంటే: జవాబు మన పెరట్లోనే ఉండాలి

మీ ప్రశ్న పూర్తిగా చదివాను బాబూ. రాజోలు దగ్గర మీ ఊళ్లో సంక్రాంతికి క్విజ్ పెట్టే పని మీ మీద పడింది. పాత సినిమాలు, మొక్కలు, టీవీ కామెడీ, తిండి అని నాలుగు రౌండ్లు అనుకున్నారు. హైదరాబాద్ నుంచి వచ్చే స్నేహితులేమో కాక్‌టెయిల్స్ రౌండు కూడా ఉండాల్సిందే అంటున్నారు. నెట్‌లో దొరికిన ప్రశ్నలన్నీ చప్పగా ఉన్నాయి, తాతయ్యలూ ఆడాలి, తొమ్మిదో తరగతి పిల్లలూ ఆడాలి, ఎలా అని అడిగారు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. కోనసీమలో కాలేజీ ఫంక్షన్లకి, గుడి ఉత్సవాలకి, పండగలకి ఇరవై ఏళ్లకి పైగా క్విజ్‌లు పెడుతున్నాను. నాకు తెలిసినంత చెబుతాను. కాస్త పెద్దగానే ఉంటుంది, తీరిగ్గా చదువుకోండి.

నెట్‌లో ప్రశ్నలు చప్పగా ఉండటానికి కారణం ఒకటే. అవి తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. ‘ఫలానా సినిమా ఏ సంవత్సరంలో వచ్చింది?’ అంటే ఆలోచించడానికేముంది? జవాబు విని ‘ఓహో’ అంటారు, పకోడీల పళ్లెం వైపు చూస్తారు. మంచి ప్రశ్నకి జవాబు వినగానే ‘అయ్యో, ఇది నాకు తెలుసే!’ అని నాలిక్కరుచుకోవాలి. అంటే ఆ జవాబు వాళ్ల పెరట్లోనో, వంటింట్లోనో, పదిసార్లు చూసిన సినిమాలోనో ముందే ఉండాలి. రోజూ చూస్తూ గమనించనిదాన్ని గమనించేలా చెయ్యడమే మన పని. నేను ప్రశ్న రాసుకునేటప్పుడు ఇదొక్కటే చూసుకుంటాను.

ఇది నాకు నేర్పింది ఒక పెద్దాయన. క్విజ్‌లు మొదలుపెట్టిన కొత్తలో ఒక ఊరి ఉత్సవానికి పిలిస్తే బజార్లో కొన్న ప్రశ్నల పుస్తకం పట్టుకుని వెళ్లాను. అందులో ‘మాయాబజార్‌లో భీముడి వేషం వేసిందెవరు?’ అని ఉంది, కింద ఒక నటుడి పేరు ఇచ్చారు. సరిచూసుకోకుండా అడిగేశాను. రెండు టీములు రెండు పేర్లు చెప్పాయి. నేను పుస్తకంలో పేరు చదవబోతుంటే వెనక బెంచీ మీద నుంచి ఒకాయన లేచారు. టూరింగ్ టాకీసులో ప్రొజెక్టర్ నడిపిన మనిషి. ‘అమ్మా, ఆ సినిమా నా చేత్తో ఎన్ని ఆటలు వేశానో లెక్కలేదు. అందులో భీముడు లేడు. భీముడే కాదు, పాండవుల్లో ఒక్కడూ కనపడడు’ అన్నారు.

పందిరంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన ఆ సినిమాలో కృష్ణుడు, బలరాముడు, సుభద్ర, అభిమన్యుడు, ఘటోత్కచుడు, హిడింబ, దుర్యోధనుడు, శకుని అందరూ ఉన్నారు. పాండవుల ఇంటి పెళ్లి గురించి తీసిన సినిమాలో పాండవులు లేరు. మూడు గంటలూ చూసి బయటికొచ్చినా ఆ లోటు మనకి తెలియదు. కథ అల్లిక అంత బిగువుగా ఉంటుంది.

ఆ పెద్దాయనకి అందరి ముందూ దణ్ణం పెట్టి ప్రశ్న రద్దు చేశాను. ఆ మరుసటేడు ఇంకో ఊళ్లో అదే విషయాన్ని తిప్పి అడిగాను: ‘మాయాబజార్‌లో కథంతా ఎవరి కుటుంబం చుట్టూ తిరుగుతుందో, ఆ అన్నదమ్ములు తెర మీద ఒక్కసారీ కనపడరు. ఎవరు వాళ్లు?’ ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక్కో సీనూ గుర్తు చేసుకుంటూ టీములు వాదించుకున్నాయి. సినిమా చూసిన ప్రతివాడి బుర్రలోనూ ఆ జవాబు ఉంది, ఎవరూ దాన్ని తీసి చూసుకోలేదంతే. మీరు కూడా దీంతోనే మొదలుపెట్టవచ్చు.

రెండో మాట. రౌండ్లు విడివిడిగా పెట్టకండి. సినిమా రౌండులో పిల్లలు గోళ్లు గిల్లుకుంటారు, మొక్కల రౌండులో పెద్దవాళ్లు లేచి టీలకి వెళ్తారు. ఒక ప్రశ్న జవాబు పట్టుకుని ఇంకో ప్రశ్నలోకి పోవాలి. నేను దీన్ని లంకె అంటాను.

ఉదాహరణకి మాయాబజార్‌లోనే ఉందాం. అందులో శర్మ, శాస్త్రి గార్లు విందు వంటకాల గురించి మాట్లాడుకుంటూ ఒక ఆకుకూరని శాకంబరీ దేవి ప్రసాదమనీ, ఆంధ్రశాకమనీ పొగుడుతారు. ఏమిటది? గోంగూర. ఇది పెద్దవాళ్లు ఠక్కున చెప్పేస్తారు. వెంటనే పిల్లల వైపు తిరిగి అడగండి: ‘గోంగూర మొక్కకి మీ పెరట్లో ఇద్దరు చుట్టాలున్నారు. ఒకరు దేవుడి దగ్గరికి వెళ్తారు, ఒకరు సాంబార్లోకి వెళ్తారు. ఎవరు?’ మందారం, బెండ. నిజంగానే ఒకే కుటుంబం. పత్తి కూడా అదే ఇంటిది. నేను ఊరికే చెప్పి వదలను, ముందు రోజు పూలు కోసి తెచ్చుకుంటాను. మందారం రేకులు ఒలిచేస్తే మధ్యలో ఒక కాడ నిలబడి ఉంటుంది, దాని చుట్టూ కేసరాలన్నీ గొట్టంలా అతుక్కుని ఉంటాయి. బెండ పువ్వు ఒలిచినా అదే గొట్టం, గోగు పువ్వు ఒలిచినా అదే. మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు ఇంటికెళ్లి కనపడ్డ ప్రతి పువ్వూ ఒలుస్తారు. ఆ శర్మ, శాస్త్రి గార్లలో ఒకరు అల్లు రామలింగయ్య గారు. ఆయనది ఏ ఊరు? పాలకొల్లు. మీ రాజోలు వాళ్లకి గోదారి దాటితే పాలకొల్లే కదా, ఎవరో ఒకరు అందుకుంటారు. చూశారా, సినిమా నుంచి కూరకి, కూర నుంచి పువ్వుకి, మళ్లీ సినిమాకి వచ్చేశాం. అరగంట తెలియకుండా గడిచిపోతుంది.

ఇంకో లంకె ఇస్తాను, ఇది మీ తేదీకి సరిగ్గా కుదురుతుంది. మాయాబజార్‌లో మాయా శశిరేఖ ‘అహ నా పెళ్లియంట’ అని పాడుతుంటే మధ్యలో మగగొంతు ఎందుకొస్తుంది? సావిత్రి గారి రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కాబట్టి. సుశీల గారి గొంతులోంచి ఘంటసాల గారి గొంతులోకి మారుతుంది. సరిగ్గా 30 ఏళ్లకి, 1987లో, ఆ పాట మొదటి మాటల్నే పేరుగా పెట్టుకుని ఒక హాస్య సినిమా వచ్చింది. అందులో పిసినారి లక్ష్మీపతి కూర ఖర్చు లేకుండా మాంసం భోజనం ఎలా చేశాడు? కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తిన్నాడు. కోట శ్రీనివాసరావు గారి ఆ సీను తెలియని తెలుగువాడు ఉండడు. ఆ సినిమా తీసిన జంధ్యాల గారు మన నరసాపురంలో 1951 జనవరి 14న పుట్టారు. మీరు క్విజ్ పెట్టే పండగ రోజుల్లోనే ఆయన పుట్టినరోజు. అదే సినిమాలో అరగుండు వేషం వేసిన బ్రహ్మానందం గారు అంతకు ముందు ఏం చేసేవారు? అత్తిలిలో తెలుగు లెక్చరర్. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం నేను జవాబు ఆపుతాను, గుంపులో ఎవరో ఒకరు ‘మా నాన్నకి పాఠం చెప్పారండీ’ అనేదాకా. అత్తిలి వైపు చుట్టరికాలు మన వైపు చాలా ఉన్నాయి.

గోదారి మీద తీసిన సినిమాలంటే అందరూ 1964లో వచ్చిన ‘మూగమనసులు’ అడుగుతారు. అడగండి, తప్పు లేదు. కానీ 1967లో బాపు గారి మొదటి సినిమా ‘సాక్షి’ తీసిన పులిదిండి గురించి తక్కువమంది అడుగుతారు. కృష్ణ, విజయనిర్మల కలిసి వేసిన తొలి సినిమా అదే. ఆ పులిదిండి ఆత్రేయపురం పక్కనే. ఆత్రేయపురం అనగానే అందరికీ నోరూరుతుంది, అక్కడి నుంచి తిండిలోకి దూకవచ్చు. కాస్త ఆగండి, దానికి వస్తాను.

టీవీ కామెడీలో ఒక గోతి ఉంది. ‘అమృతం సీరియల్లో అమృతం వేషం ఎవరు వేశారు?’ అని ఎప్పుడూ అడగకండి. శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. మూడు టీములు మూడు పేర్లు చెబుతాయి, ముగ్గురూ కరెక్టే, మీకు టెన్షన్. అదే ‘ఒకే పాత్ర, ముగ్గురు నటులు, హోటలు మాత్రం ఒకటే. సీరియల్ ఏది, హోటల్ పేరేమిటి?’ అని తిప్పండి. 2001 నుంచి 2007 దాకా ప్రతి ఆదివారం చూసినవాళ్లు అమృత విలాస్ పేరు మర్చిపోరు. దాని టైటిల్ పాట రాసింది సిరివెన్నెల గారని చెబితే ఇప్పటికీ సగం మంది ఆశ్చర్యపోతారు, అదొక ప్రశ్న చేసుకోండి. ఇంకా వెనకటి తరం కోసం దూరదర్శన్ రోజుల ‘ఆనందో బ్రహ్మ’, ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారు. రెండు మూడు ప్రశ్నలు చాలు. టీవీ ప్రశ్నలు ఎక్కువైతే అప్పట్లో ఇంట్లో టీవీ లేనివాళ్లు నొచ్చుకుంటారు, అది నేను కళ్లారా చూశాను.

అమృత విలాస్ నుంచి అమృతపాణికి లంకె వేస్తే అరటి గెల దగ్గరికి వచ్చేస్తాం. రావులపాలెం మార్కెట్ చూసి పెరిగినవాళ్లని కూడా తికమక పెట్టే ప్రశ్న: ‘అరటిచెట్టు కాండం ఎక్కడుంటుంది?’ అందరూ నిలువుగా కనపడే బోదె చూపిస్తారు. అది కాండం కాదు, ఆకు తొడుగులు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న కట్ట. అసలు కాండం భూమిలో దుంపగా ఉంటుంది. గెల వేసే వేళకి దాంట్లోంచే పూకాడ బోదె మధ్యగా పైకి వస్తుంది, మనం దవ్వ అని కూర వండుకునేది దాన్నే. కర్ర లేదు కాబట్టి వృక్షశాస్త్రం లెక్కలో అరటి చెట్టే కాదు, చాలా పెద్ద గడ్డిమొక్కలాంటిది. అర మూర బోదె ముక్క తెచ్చి పొరలు ఒలిచి చూపించండి. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుస్తూ పోతే చివరికి మధ్యలో దవ్వ తెల్లగా బయటపడుతుంది. మాట కంటే ఆ ముక్క ఎక్కువ చెబుతుంది.

కోనసీమలో కొబ్బరి ప్రశ్న లేకుండా క్విజ్ పెడితే ఊరుకోరు. దీనికి నేను ఒలిచిన కాయలు టీముకి ఒకటి చొప్పున ఇస్తాను, ఒక మేకు కూడా. ‘కాయకి మూడు కళ్లున్నాయి. మొలక ఏ కంట్లోంచి వస్తుంది? గుచ్చి చూపించండి’ అంటాను. చిన్నప్పటి నుంచి కొబ్బరికాయలు కొడుతున్నవాళ్లు కూడా ఒక్కసారి ఆగిపోతారు. బొటనవేలితో మూడింటినీ నొక్కి చూస్తే రెండు రాయిలా ఉంటాయి, ఒకటి కాస్త లోపలికి దిగుతుంది. మేకు దాంట్లోంచి సులువుగా పోతుంది, నీళ్లు చిమ్ముతాయి. పువ్వులో మూడు గదులుంటే ఒక్కటే విత్తుగా పెరుగుతుంది, దాని పిలక బయటికి రావడానికే ఆ మెత్తని కన్ను. ఎనభై ఏళ్ల దింపు కార్మికుడు ఒకాయన, ఎన్ని వేల కాయలు దింపాడో ఆయనకే తెలియదు, ఆ కాయని చేతిలో తిప్పుతూ ‘ఇన్నేళ్లూ చూశాను గానీ నొక్కలేదమ్మా’ అన్నారు. ఆ మాట కోసమే నేను క్విజ్‌లు పెడతాను.

దాని వెనకే ఇంకొకటి: ‘కొబ్బరికీ మామిడికీ కాయ కట్టడంలో పోలిక ఏమిటి?’ రెండూ టెంకకాయలే. మామిడిలో కండ తిని టెంక పారేస్తాం, కొబ్బరిలో కండ పీచు చేసి టెంక లోపలిది తింటాం. గంగబొండం అనే కొబ్బరి రకం పేరు మీ ఊళ్లో అందరికీ తెలిసే ఉంటుంది. అంబాజీపేట పరిశోధనా కేంద్రం దాన్ని మన పొడవు రకంతో కలిపి తీసిన సంకర జాతి పేరేమిటని రైతుల్ని అడగండి. గోదావరి గంగ. ఇది పిల్లలకి తెలియదు, రైతులు గర్వంగా చెబుతారు. ఒక్క ప్రశ్నయినా రైతు కోసమే ఉండాలి.

తిండికి వద్దాం. పూతరేకుల మీద ‘ఏ ఊరివి?’ అని అడిగితే ప్రశ్న వృథా. ‘పూతరేకు రేకు దేనితో చేస్తారు?’ అని హైదరాబాద్ టీముని అడగండి. కాగితం, మైదా, పంచదార అని ఏవేవో చెబుతారు. ఉత్త బియ్యం. నానబెట్టి, రుబ్బి, పాలలా పలచగా చేసి, పలచని గుడ్డ అందులో ముంచి, బోర్లించిన కుండ మీద ఒక్క లాగు లాగుతారు. కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట ఎగుస్తూ ఉంటుంది. గుడ్డ ఇటు తీసేలోపు అటు రేకు పొరలా లేస్తుంది. ఆ చేతి విసురు చూడాలి గానీ చెబితే తెలియదు. వీలైతే ఫోన్లో వీడియో తీసుకొచ్చి, చివరి రేకు లేచే ముందు ఆపి ప్రశ్న అడగండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందన్నది జవాబు తర్వాత చెప్పే మాట, ప్రశ్న కాదు.

కాజాలకి నేను కళ్లకి గంతలు కడతాను. కాకినాడ గొట్టం కాజా ఒకటి, తాపేశ్వరం మడత కాజా ఒకటి. కొరకగానే లోపలి నుంచి పాకం నోట్లోకి జారితే గొట్టం కాజా. పొరలు పొరలుగా పళ్ల కింద విరిగితే మడత కాజా. ఇది ఓడినవాళ్లకి కూడా ఆనందమే కదా. తాపేశ్వరం పేరు వచ్చింది కాబట్టి ఒక అంచనా ప్రశ్న: 2016లో అక్కడ కట్టి గిన్నిస్‌కి ఎక్కిన లడ్డు బరువెంత? 29,465 కిలోలు. అంకెల ప్రశ్నలు ఇలా ‘ఎవరిది దగ్గరైతే వాళ్లకే’ పద్ధతిలో పెడితేనే బాగుంటాయి. కరెక్టు అంకె ఎవరికీ తెలియాల్సిన పనిలేదు, గట్టిగా అరుచుకుంటూ అంచనాలు వేస్తారు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది పొట్టిక్కల ప్రశ్న. పొద్దున్నే అంబాజీపేట వైపు నుంచి పది తెప్పించండి. ఆకు విప్పేసి, లోపలి ఇడ్లీ ముక్క ఒక్కటే పళ్లెంలో పెట్టి వాసన చూడమనండి. ‘ఇది ఏ ఆకులో ఉడికింది?’ చూడటానికి మామూలు ఇడ్లీయే. కానీ ఆవిరికి పనసాకు వాసన పిండిలోకి దిగి ఉంటుంది, మగ్గిన పచ్చివాసన, కొంచెం తీపి కలిసినట్టు. అరిటాకు అంటారు, విస్తరాకు అంటారు. ఒక పెద్దావిడ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని ‘మా అమ్మ బుట్ట కుట్టేది’ అని, తర్వాత ‘పనసాకు’ అంది. నాలుగు పనసాకులు కలిపి ఈనె పుల్లలతో బుట్ట కుట్టడం తెలిసినవాళ్లు మీ ఊళ్లో ఇంకా ఉంటే వాళ్లని స్టేజి మీదకి పిలిచి కుట్టించండి. ఆ రెండు నిమిషాలు క్విజ్ ఆగినా ఫరవాలేదు.

పులస ప్రశ్న అందరూ అడిగేదే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతతో మొదలుపెడితే ఇంకేమీ మిగలదు. అటు నుంచి రండి: ‘బంగ్లాదేశ్ జాతీయ చేప సముద్రం నుంచి మన గోదారిలోకి ఎదురీది వస్తే దాని పేరేమవుతుంది?’ సముద్రంలో ఇలస, వరద నీటిలో పులస. చేప ఒకటే.

ఇక మీ స్నేహితుల కాక్‌టెయిల్స్. పండగ పందిట్లో, ఆడవాళ్లూ పిల్లలూ కూర్చుని ఉండగా మందు పేర్లు అడగడం నాకు నచ్చదు, నా క్విజ్‌ల్లో అడగను. అయితే కాక్‌టెయిల్లో ఉన్నది సగం వృక్షశాస్త్రమే కాబట్టి దాన్ని మొక్క వైపు నుంచి అడిగితే మీ స్నేహితులూ సంతోషిస్తారు, ఊరివాళ్లూ ఇబ్బంది పడరు. మోహితో అనే క్యూబా పానీయంలో నిమ్మరసం, పంచదార, సోడా, రమ్ముతో పాటు పుదీనా వేస్తారు. ‘ఆ పుదీనాకి మన వాకిట్లో కోటలో ఉండే చుట్టం ఎవరు?’ తులసి. రుజువు ఎలా? పుదీనా కాడ ఒకటి, తులసి కాడ ఒకటి ఇచ్చి బొటనవేలు, చూపుడువేలు మధ్య దొర్లించమనండి. గుండ్రంగా దొర్లదు, పలకలు పలకలుగా తగులుతుంది. రెండూ నాలుగు పలకల కాడలే. పక్కన కొత్తిమీర కాడ ఇస్తే అది నున్నగా దొర్లుతుంది. ఆరో తరగతి పిల్ల కూడా కళ్లు మూసుకుని చెప్పగలదు.

టోనిక్ వాటర్ బాటిల్ ఒకటి తెప్పించండి, సూపర్ మార్కెట్లో దొరుకుతుంది, అందులో మద్యం ఉండదు. దొంగనోట్లు చూసే ఊదారంగు లైటు ఏ బంగారం కొట్లోనైనా అడిగితే ఇస్తారు. పందిట్లో దీపాలు ఆర్పి ఆ లైటు బాటిల్ మీద వేస్తే నీళ్లు నీలంగా వెలుగుతాయి. ‘ఇందులో ఉన్న మందు ఒకప్పుడు ఏ జ్వరానికి వేసేవారు?’ మలేరియాకి. సింకోనా బెరడు నుంచి తీసే క్వినైన్ వల్లే ఆ వెలుగు, ఆ చేదు. జిన్‌లో టోనిక్ కలిపే అలవాటుకి మూలం ఆ చేదు మందే.

మన నేలకి బాగా దగ్గరైన ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘స్కాట్లాండులో చలికి వేడివేడిగా తాగే ఒక పానీయం పేరులో మన చేల గట్ల మీద నిలబడ్డ చెట్టు ఉంది. ఏది?’ హాట్ టాడీ. ఆ టాడీ అన్న మాట హిందీ తాడీ, అంటే తాటికల్లు. కల్లు మాట వచ్చింది కాబట్టి దానికి తోడు ఇంకొకటి: ముంజలు అన్ని తాడిచెట్లకీ ఎందుకు కాయవు? తాడిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. కల్లు రెండూ ఇస్తాయి, ముంజలు ఆడచెట్టే ఇస్తుంది. చెట్టెక్కేవాళ్లకి ఇది చేతిలో విద్య, వాళ్లని టీములో తప్పకుండా పెట్టుకోండి. ‘పంచ్’ అనే పానీయం పేరు మన ‘పాంచ్’ నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు గానీ, దానికి వేరే వాదన కూడా ఉంది కాబట్టి మార్కులున్న ప్రశ్నగా అడగకండి. గోళీసోడా మాత్రం అడగండి. ఆ సీసాకి 1872లో పేటెంటు తీసుకున్న కాడ్ అనే ఇంగ్లీషాయన పేరు ఎవరికీ తెలియదు, కాబట్టి పేరు కాదు, ‘గోళీ మూతిలో నిలబడటానికి ఏది పైకి తోస్తుంది?’ అని అడగండి. సోడాలోని గ్యాసు. రామచంద్రపురం ఆర్టోస్ సీసాలు చల్లగా పక్కన పెట్టుకుంటే ఈ రౌండు గెలిచినవాళ్లకి అవే బహుమతి.

సరిచూసుకునే పద్ధతి గురించి గట్టిగా చెబుతున్నాను. సినిమా ప్రశ్నయితే ఆ సీను మీరే మళ్లీ చూడండి, ఎవరో రాసింది నమ్మకండి. మొక్క ప్రశ్నయితే ఆ మొక్కని చేతిలోకి తీసుకోండి. ఊళ్ల గురించి అడిగేటప్పుడు జిల్లాల జోలికి పోకండి. ఆత్రేయపురం ఏ జిల్లా అంటే 2022కి ముందు చదువుకున్నవాళ్లు తూర్పు గోదావరి అంటారు, పిల్లలు కోనసీమ అంటారు, ఎవరినీ తప్పనలేం. ప్రశ్న చదివే ముందే ఒక మాట చెప్పండి, ఎవరికైనా జవాబు మీద అభ్యంతరం ఉంటే చెయ్యెత్తవచ్చని, నిజమైతే వాళ్లకీ మార్కులిస్తామని. ఆ ప్రొజెక్టర్ పెద్దాయన లాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్లు లేచి మాట్లాడే వీలు మనం ఇవ్వాలి.

టీములు మీ వాళ్లు కుటుంబాల వారీగా అంటారు, ఒప్పుకోకండి. ప్రతి టీములో అరవై దాటినవాళ్లు ఒకరు, స్కూలు పిల్ల ఒకరు, బయటి ఊరి నుంచి వచ్చినవాళ్లు ఒకరు, ఊళ్లో వ్యవసాయం చేసేవాళ్లు ఒకరు ఉండేలా చీటీలు తీయండి. క్లూ లేకుండా చెబితే 10 మార్కులు, ఒక క్లూ ఇచ్చాక చెబితే 5. ఇరవై ప్రశ్నలు దాటనివ్వకండి. మైకు ఒకటి కాదు, రెండు తెప్పించండి, ఒకటి టీముల దగ్గరే ఉండాలి.

రోజు సంగతి మీరు అడగలేదు గానీ చెబుతాను. కనుమ రోజున పెట్టకండి. ఆ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి సగం కోనసీమ వెళ్తుంది, మీ పందిరి ఖాళీగా ఉంటుంది. పండగ రోజు సాయంత్రం, భోజనాలకి ముందు, ఆరింటికి మొదలుపెట్టండి. కొబ్బరికాయలు, బోదె ముక్క, తులసి, పుదీనా కాడలు ముందు రోజు రాత్రే తెచ్చి తడిగుడ్డ కప్పి ఉంచండి. పొట్టిక్కలు మాత్రం ఆ రోజు పొద్దున్నవే కావాలి, సాయంత్రం దాకా ఆకు విప్పకండి, వాసన పోతుంది. మీ ప్రశ్నలు రాసుకున్నాక నాకు విడిగా పంపితే ఒక్కొక్కటీ చూసి పెడతాను. ఇక్కడ మాత్రం పెట్టకండి, మీ ఊరివాళ్లూ చదువుతుంటారు.